తిరగేసి కుట్టిన సిర

మూడు నెలలుగా కుర్చీలోనే నిద్రపోతున్నాడట,
ఎడమకాలు కిందికి వేలాడదీసి.
పడుకుంటే పాదం మండుతుంది,
వేలాడితే కాస్త ఊరుకుంటుంది.

వీబె హూక్‌జెమా, డెబ్భై ఒకటి.
ఫ్రీస్లాండ్‌లో ఒక కాలవ మీద
ముప్పై నాలుగేళ్లు లాకుల కాపలాదారు.
చిటికెనవేలు ఎండు ఖర్జూరంలా నల్లబడింది.
తొడలో ధమని జానెడు పొడవున పూడిపోయింది.
మోకాలి కింద మాత్రం, ఫిలింలో,
నూలుపోగంత దారి ఇంకా తెరిచే ఉంది.
అది చాలు.

కాగితం మీద బొమ్మ గీశాను.
"మీ కాలి సిరే తీసి, పూడిన దారి పక్కనుంచి
కొత్త కాలవ వేస్తాం."
బొమ్మని తనవైపు తిప్పుకున్నాడు.
"సిరలో తలుపులుంటాయంటారే, ఎటు తెరుచుకుంటాయి?"

ఇరవై రెండేళ్లలో ఏ రోగీ అడగలేదు నన్నిది.
"గుండె వైపు."
"మీరు పంపేది పాదం వైపు."
"అవును."
"ఎంత బలంగా తోస్తే అంత గట్టిగా మూసుకుంటాయి మరి."
రెండు అరచేతులూ మొనలా కలిపి చూపించాడు,
లాకు తలుపులు.
"అందుకే సిరని తలకిందులుగా తిరగేస్తాం," అన్నాను.
"ఆఁ," అని సంతకం పెట్టేశాడు.

అతనికి చెప్పలేదు,
నేర్చుకునే రోజుల్లో గ్రోనింగెన్‌లో ఒక రాత్రి
సిరని పళ్లెంలో ఉంచి, ఎవరో పిలిస్తే తల తిప్పి,
మళ్లీ చూసేసరికి ఏ కొస ఏదో తెలియలేదని.
అడగడానికి సిగ్గేసింది. కుట్టేశాను.
క్లాంపు తీస్తే నెత్తురు రెండంగుళాలు నడిచి
మొదటి తలుపు దగ్గర నిలబడిపోయింది,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.
మా గురువు ఒక్క మాటా అనలేదు.
కుట్లన్నీ విప్పి మొదట్నుంచి మొదలెట్టాడు.
ఆ అనని మాట ఇప్పటికీ నా వేళ్లలో ఉంది.

అందుకే ఈరోజు
చీలమండ వైపు కొసకి అన్నిటికన్నా ముందు ఒక క్లిప్పు.
మెలిపడకుండా ఒళ్లంతా నిలువునా నీలం సిరా గీత.
"మూడోసారి చూస్తున్నారు డాక్టర్," గొణిగింది నర్సు రిక్స్ట్.
నాలుగోసారి చూశాను.

సిరని నేరుగా పట్టుకోకూడదు.
పటకారుకి అందాల్సింది దాని చుట్టూ పొర మాత్రమే,
పరిగెత్తే పిల్లాణ్ణి చొక్కా పట్టుకుని ఆపినట్టు.
పదకొండు పక్కకొమ్మలు, పదకొండు పట్టుదారపు ముళ్లు.
మరీ దగ్గరగా బిగిస్తే నడుం నొక్కుకుపోతుంది,
మరీ ఎడంగా వేస్తే ఆ మూల నెత్తురు గడ్డకడుతుంది.
సిరంజితో నింపాను. ఒకచోట సన్నటి చిమ్ము.
వెంట్రుక కన్నా సన్నని దారంతో ఒక కుట్టు.

అతుకులో ఒక చివరని మడమంటాం, రెండో చివరని వేలంటాం.
పాదం కాపాడటానికి వచ్చి
ముందు సిరకొక పాదం చెక్కుతాం, వాలుగా కోసి.
ధమని గోడకి సూది ఎప్పుడూ లోపల్నుంచి బయటికే,
బయట్నుంచి గుచ్చితే
సున్నంలా పేరుకున్న పొర పెళ్లలుగా లేస్తుంది.
బయట మంచు పడుతోందని ఎవరో అన్నారు.
ఎవరూ తలెత్తలేదు.

క్లాంపులు తీశాం.
సిర కొట్టుకుంది.
డెబ్భై ఏళ్లు మెత్తగా, చప్పుడు చెయ్యకుండా
ఇంటిదారి పట్టి నడిచిన సిర
ధమనిలా కొట్టుకుంది.
పాదం మీద డాప్లర్ పెడితే
రాతిమీద తడిబట్ట బాదిన చప్పుడు.

ఎన్నాళ్లంటే, అయిదేళ్లు వస్తే గొప్పే.
ఈ ఉరవడి దానికి అలవాటు లేదు,
గోడ మందమెక్కుతుంది, సందు సన్నమవుతుంది.
ఆ చిటికెనవేలు ఎలాగూ దక్కదు.
రెండోరోజు పొద్దున్నే సిగరెట్టు అడిగాడు.
ఫ్రీసియన్‌లో తిట్టాను, తిట్లకి ఆ భాషే బాగుంటుంది.

అంతకుముందు రాత్రి వార్డుకి వెళ్లాను.
కుర్చీ ఖాళీ, దాని మీద మడతపెట్టిన తువ్వాలు.
మంచం మీద వెల్లకిలా, నోరు తెరిచి గురక.
రెండు పాదాలూ దుప్పటి కిందే.
నా చెయ్యి చల్లగా ఉందని గుర్తొచ్చి
రుద్దుకుని, రుద్దుకుని, తాకాను.
నా చేతికన్నా
పాదమే వెచ్చగా ఉంది.